చివరి మూడు సెట్లలో రెండు రెప్స్: సిట్రులిన్ మాలేట్‌పై ఒక కేస్ స్టడీ

అతను మొదటిసారి వచ్చినప్పుడు జిమ్ బ్యాగ్‌లోంచి రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసి నా టేబుల్ మీద పెట్టాడు. ఒకటి ప్రీవర్కౌట్, అంటే వ్యాయామానికి ముందు తాగే పౌడర్. ఇంకోటి బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పౌడర్. "మేడమ్, వీటికి నెలకి నాలుగు వేల పైనే పోతోంది. పది నెలలుగా నా బెంచ్ ప్రెస్ మాత్రం అక్కడే ఆగిపోయింది. డోసు పెంచమంటారా, బ్రాండ్ మార్చమంటారా?" అని అడిగాడు.

వయసు 29. రాజమహేంద్రవరంలో బ్యాంకు ఉద్యోగం. బరువు 74 కిలోలు. నాలుగేళ్లుగా వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తున్నాడు. గుడ్డు తింటాడు గానీ చేప, మాంసం ముట్టడు. బెంచ్ ప్రెస్‌లో, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి ఎత్తే వ్యాయామంలో, ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువు 77.5 కిలోలు. బీపీ 124/80. షుగర్, కిడ్నీ పరీక్షలు నార్మల్. మందులేమీ వాడడం లేదు. ఈ కేసు రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేను స్పోర్ట్స్ డైటీషియన్‌ని. "ఈ పౌడర్ పనిచేస్తుందా, లేదా?" అని నన్ను అడగని కుర్రాడు లేడు. అవునని గానీ, కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఎవరికి, ఏ వ్యాయామంలో, ఎన్నో సెట్‌లో (విశ్రాంతి లేకుండా వరసగా చేసే ఎత్తులన్నీ కలిపి ఒక సెట్), ఎంత అని అడిగితేనే ఆ ప్రశ్నకి అర్థం ఉంటుంది. ఈ కేసులో ఆ నాలుగింటికీ అంకెలతో జవాబు దొరికింది. ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

వచ్చినప్పటి పరిస్థితి

ముందు డబ్బాల మీద లేబుల్ చదివాం. ప్రీవర్కౌట్ ఒక స్కూప్ బరువు 6.5 గ్రాములు. అందులో సిట్రులిన్ మాలేట్, బీటా అలనిన్, కెఫీన్, టారిన్, ఇంకా మూడు పదార్థాలు. దేనికి దానికి ఎంతో రాయలేదు, అన్నీ కలిపి ఒక 'బ్లెండ్' అని రాశారు. కెఫీన్ ఒక్కటే విడిగా ఇచ్చారు, 200 మిల్లీగ్రాములు. సిట్రులిన్ మాలేట్ మీద జరిగిన చాలా పరిశోధనల్లో వాడిన డోసు 8 గ్రాములు. స్కూప్ మొత్తమే 6.5 గ్రాములైతే అందులో 8 గ్రాములు ఎలా పడుతుంది? ఈ లెక్క అతనికి కాగితం మీద వేసి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కానీ తాగిన పావుగంటకి మొహం మీద, చేతుల మీద చీమలు పాకినట్టు ఉంటుంది మేడమ్, రక్తం పరుగెత్తుతోంది కదా" అన్నాడు. అది రక్తం కాదు. బీటా అలనిన్ చర్మంలోని నరాల చివర్లను తాకినప్పుడు వచ్చే చిమచిమ. ప్రమాదం లేదు, కాసేపట్లో తగ్గిపోతుంది. కాకపోతే ఆ చిమచిమని చూసి మందు పనిచేస్తోందని రెండేళ్లుగా నమ్మాడు.

జిమ్ టైమ్ రాత్రి 7 గంటలు. అంటే ఆరున్నరకి 200 మిల్లీగ్రాముల కెఫీన్. నిద్రపట్టేసరికి ఒంటిగంట. పొద్దున ఆరున్నరకి లేస్తాడు. నిద్ర ఐదున్నర గంటలే.

తిండి మూడు రోజులు రాయించాను. పొద్దున నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం బ్యాంకులో క్యారేజీ: అన్నం, కూర, పల్చటి చారు, కాస్త పెరుగు. సాయంత్రం టీ, బిస్కెట్లు. జిమ్ తర్వాత మూడు చపాతీలు, బంగాళదుంప కూర, ఒక గుడ్డు. సగటున రోజుకి 58 గ్రాముల ప్రొటీన్, అంటే కిలో శరీర బరువుకి 0.8 గ్రాము కూడా లేదు. మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదే కిలోకి 0.83 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్లకి ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ స్పోర్ట్స్ న్యూట్రిషన్ 2017లో చెప్పింది 1.4 నుంచి 2 గ్రాములు. ఈ అబ్బాయి రెండిట్లో కింది గీతని కూడా అందుకోవడం లేదు.

బీసీఏఏ గురించి ఎక్కువ చెప్పను. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌ని కట్టే ముక్కలు) అవి. కండ కట్టడానికి తిండి ద్వారా అందాల్సినవి తొమ్మిది. ఇల్లు కట్టేచోట సిమెంటు మాత్రమే లారీల్లో దింపి ఇటుక, ఇసుక తేకపోతే గోడ లేవదు. గుడ్డులో, పాలల్లో ఆ తొమ్మిదీ ఉంటాయి, ఈ మూడు కూడా వాటిలో ఉన్నవే. అతని పరిస్థితిలో ఆ డబ్బా డబ్బులన్నీ వృథా అనే నా అభిప్రాయం.

ముందు తిండి, తర్వాతే పరీక్ష

రెండు డబ్బాలూ పది వారాలు పక్కన పెట్టించాను. కెఫీన్ ఒక్కసారిగా ఆపడంతో మూడు రోజులు తలనొప్పి అన్నాడు, అది ముందే చెప్పి ఉంచాను. జిమ్ ప్రోగ్రామ్, కోచ్, రోజులు ఏమీ మార్చలేదు.

తిండిలో మాత్రం మార్పు గట్టిగానే చేశాం. పొద్దున ఇడ్లీ బదులు రెండు పెసరట్లు, మూడు గుడ్లు. మధ్యాహ్నం పల్చటి చారు స్థానంలో ముద్దపప్పు, పెరుగు ఒక పెద్ద కప్పు. రాత్రి కూరలో ఎండువి తూచి 50 గ్రాముల మీల్ మేకర్, అందులోనే 26 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పడుకునే ముందు, సాయంత్రం కలిపి అర లీటరు పాలు. మొత్తం 112 గ్రాముల దాకా వచ్చింది, కిలోకి 1.5 గ్రాములు. వాళ్ల అమ్మగారు మొదట్లో "మీల్ మేకర్ వేడి చేస్తుంది" అని వండనన్నారు. ఫోన్‌లో ఆవిడతో అరగంట మాట్లాడాను. టమాటా, పుదీనా వేసి వండితే ఇంట్లో అందరూ తిన్నారట, ఆ తర్వాత ఇబ్బంది లేదు.

పది వారాలయ్యేసరికి నిద్ర ఏడు గంటలకి చేరింది. గరిష్ఠ బరువు 77.5 నుంచి 85 కిలోలు అయింది. నేను పెట్టుకున్న కొలత వేరే ఉంది: 60 కిలోల బార్‌తో ఐదు సెట్లు, ప్రతి సెట్ ఇక లేపలేననే దాకా, సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాల విశ్రాంతి. మొదటి రోజు ఐదు సెట్లలో కలిపి 31 రెప్స్ చేశాడు (బార్‌ని ఛాతీ దాకా దించి మళ్లీ పూర్తిగా ఎత్తితే ఒక రెప్). పది వారాల తర్వాత 39. ఇందులో తిండి వాటా ఎంత, నిద్ర వాటా ఎంత అనేది విడదీయలేను, రెండూ ఒకేసారి మార్చాం కాబట్టి. పౌడర్ వాటా మాత్రం సున్నా.

అయినా అతనికి ఒక ప్రశ్న మిగిలింది. "ఇప్పుడు సిట్రులిన్ సరైన డోసులో వేస్తే ఇంకా పెరుగుతుందా మేడమ్?" న్యాయమైన ప్రశ్నే.

సిట్రులిన్ కథ

సిట్రులిన్ కూడా ఒక అమైనో ఆమ్లమే, దాని పేరు పుచ్చకాయ నుంచి వచ్చింది. పుచ్చకాయ శాస్త్రీయ నామం సిట్రుల్లస్ లనాటస్. 1914లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని పుచ్చకాయ రసం నుంచి వేరుచేశారు. మన శరీరంలో కండని కట్టే ప్రొటీన్లలో ఇది ఉండదు. పేగుల్లో తయారై, రక్తంలో కిడ్నీకి చేరి, అక్కడ ఆర్జినిన్‌గా మారుతుంది. ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది, అది రక్తనాళాలను వదులు చేస్తుంది. ఈ నైట్రిక్ ఆక్సైడ్ పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమతి వచ్చింది. మరి ఆర్జినిన్‌నే నేరుగా తాగొచ్చు కదా అంటే, నోటితో తీసుకున్న ఆర్జినిన్‌లో చాలా భాగాన్ని పేగులు, కాలేయం మధ్యలోనే విరిచేస్తాయి. సిట్రులిన్ ఆ దారిలో చిక్కుకోదు. అందుకే రక్తంలో ఆర్జినిన్ పెంచడానికి ఆర్జినిన్ కంటే సిట్రులిన్నే మేలు.

అయితే రక్తనాళం వదులైందంటే రెప్ పెరిగినట్టే అనుకోకూడదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. మాలేట్ అనేది యాపిల్‌లో ఉండే పులుపు, అది శక్తి తయారీకి తోడ్పడుతుందని అంటారు, మనుషుల్లో దానికి గట్టి రుజువు లేదు.

ప్రకటనల్లో కనిపించే "53 శాతం ఎక్కువ రెప్స్" అనే మాట 2010లో వచ్చిన ఒక స్పెయిన్ పరిశోధనది. 41 మంది మగవాళ్లు, 8 గ్రాముల డోసు, ఛాతీ వ్యాయామం. ఆ 52.92 శాతం అనే అంకె చివరి సెట్‌ది మాత్రమే. మొదటి సెట్లలో తేడా లేదు. అలసిపోయిన మనిషి చివరి సెట్‌లో నాలుగు బదులు ఆరు చేసినా 50 శాతం పెరిగినట్టే లెక్క. ప్రకటనలో "చివరి సెట్‌లో" అనే రెండు మాటలు ఎగిరిపోతాయి. తర్వాత వచ్చిన పరిశోధనల్లో కొన్నిట్లో లాభం కనిపించింది, కొన్నిట్లో ఏమీ కనిపించలేదు. 2018లో పది సెట్లతో చేసిన ఒక పరిశోధనలో లాభం రాలేదు. వాళ్లు పౌడర్‌ని ల్యాబ్‌లో చూస్తే, రెండు పాళ్ల సిట్రులిన్‌కి ఒక పాలు మాలేట్ అని అమ్మినది నిజానికి 1.11 పాళ్లకి ఒకటిగా తేలింది. 2021లో ఎనిమిది పరిశోధనలు, 137 మంది ఫలితాలు కలిపి చూసినప్పుడు సగటు లాభం 3 రెప్స్, 6.4 శాతం.

అంటే నా అంచనా ముందే ఉంది: పనిచేస్తే రెండు మూడు రెప్స్, అది కూడా చివరి సెట్లలో.

పరీక్ష ఎలా పెట్టాం

ఒక మనిషి మీద పరీక్ష పెట్టేటప్పుడు నమ్మకమే పెద్ద శత్రువు. చిమచిమని చూసి రెండేళ్లు మోసపోయిన మనిషి మళ్లీ అదే చేస్తాడు. నేనైనా అంతే, పౌడర్ తాగిన రోజని తెలిస్తే సగం రెప్‌ని కూడా ఒకటిగా లెక్కపెడతాను.

అందుకని ఎనిమిది పరీక్ష రోజులు, ఎనిమిది ప్యాకెట్లు. నాలుగింట్లో 8 గ్రాముల సిట్రులిన్ మాలేట్, నాలుగింట్లో డమ్మీ, అంటే అదే రుచితో సిట్రులిన్ లేని పొడి. చీటీలు వేసి ఏ నంబర్‌లో ఏది అనేది నా క్లినిక్ అసిస్టెంట్ తేల్చింది. ఆ కాగితం కవర్‌లో పెట్టి అంటించి తన దగ్గరే ఉంచుకుంది. నాకూ తెలీదు, అతనికీ తెలీదు.

డమ్మీ తయారుచేయడమే కష్టమైంది. సిట్రులిన్ మాలేట్ గట్టి పులుపు, నాలుక పక్కల్ని పట్టేస్తుంది, చివర్లో కొంచెం చేదు. మూడు సాయంత్రాలు ఇద్దరం రుచి చూస్తూ కూర్చున్నాం. చివరికి 2 గ్రాముల నిమ్మ ఉప్పు, 6 గ్రాముల మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి చేసిన పొడి) దగ్గర కుదిరింది. రెండు రకాల ప్యాకెట్లనీ 300 మిల్లీలీటర్ల నీళ్లలో అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పుతో కలిపించాం, నిమ్మరసం ఆ చివరి చేదుని కప్పేసింది. తాగిన గంటకి మొదటి సెట్. ప్రతి రోజూ "ఈ రోజు ఏది తాగాననుకుంటున్నారు?" అని అడిగి రాసుకున్నాను. ఎనిమిదిలో నాలుగే సరిగ్గా చెప్పాడు, బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేది.

బార్ ఛాతీని తాకాలి, మోచేతులు పూర్తిగా చాచాలి, వెనక నిలబడ్డ కోచ్ వేలు తగిలితే ఆ రెప్ చెల్లదు. పరీక్షకి ముందు రోజు ఛాతీ, భుజాల వ్యాయామం లేదు. అదే బెంచ్, అదే బార్, అవే ప్లేట్లు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. పరీక్షలన్నీ సోమవారాలు పెట్టాను. క్యాలెండర్ చూసుకోలేదు. నాలుగో వారానికి కార్తీకం వచ్చింది. అతను ఆ సోమవారం చుక్క కనిపించేదాకా ఉపవాసం ఉండి, నాకు చెప్పకుండా ఒక అరటిపండు, కాఫీతో వచ్చాడు. ఐదు సెట్లలో 29. మూడో సెట్‌లో బార్ ఛాతీ మీద నాలుగు వేళ్ల ఎత్తులో ఆగి వణికింది, కోచ్ అందుకున్నాడు. కూర్చున్నాక అడిగితే అప్పుడు చెప్పాడు. తప్పు అతనిది కాదు, కార్తీక సోమవారం ఉపవాసం ఉంటారని నాకు తెలియక కాదు కదా. ఆ రోజు లెక్క తీసేసి, అదే నంబర్ ప్యాకెట్‌ని మళ్లీ కట్టించి, మిగతావన్నీ బుధవారాలకి మార్చాను.

అంకెలు

ఎనిమిది రోజులయ్యాక కవర్ విప్పాం. డమ్మీ రోజుల్లో మొత్తం రెప్స్: 39, 40, 38, 41. సగటు 39.5. సిట్రులిన్ రోజుల్లో: 42, 40, 43, 42. సగటు 41.75. తేడా 2.25 రెప్స్, 5.7 శాతం.

నాకు ఇంతకంటే ముఖ్యంగా అనిపించింది సెట్ల వారీ లెక్క. మొదటి సెట్ సగటు రెండు రకాల రోజుల్లోనూ 13, అణువంత తేడా లేదు. రెండో సెట్ 9.25కి 9.5. మూడోది 7కి 7.5. నాలుగోది 5.5కి 6.25. ఐదోది 4.75కి 5.5. వచ్చిన లాభంలో రెండు రెప్స్ చివరి మూడు సెట్లలోవే. తాజాగా ఉన్న కండకి ఇది ఏమీ ఇవ్వలేదు, అలసిన కండకి కొంచెం ఇచ్చింది. 2010 నాటి పరిశోధన ఆకారమూ ఇదే, పరిమాణం మాత్రం చాలా చిన్నది.

ఇది యాదృచ్ఛికం కావచ్చా? కావచ్చు. డమ్మీ తాగిన ఒక రోజు 41 చేశాడు, సిట్రులిన్ తాగిన ఒక రోజు 40 దగ్గర ఆగాడు. ఎనిమిది రోజుల్ని నాలుగు, నాలుగుగా విడదీయడానికి 70 దారులున్నాయి. వాటిలో సిట్రులిన్ వైపు మొత్తం 167 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చేవి మూడే. కాబట్టి ఉత్త అదృష్టమనడం కష్టమే, కాదని ఒట్టేయడమూ కష్టమే. ఒకే మనిషి, ఎనిమిది రోజులు.

మర్నాడు పొద్దున ఛాతీ కండరాల నొప్పులు పదికి ఎంత అని అడిగేదాన్ని. రెండు రకాల రోజులకీ సగటు 4.25. 2010 పరిశోధనలో నొప్పులు 40 శాతం తగ్గాయన్నారు, ఈ అబ్బాయిలో ఏమీ తగ్గలేదు. ఒక రోజు తాగిన అరగంటకి కడుపులో తిప్పినట్టుందన్నాడు, అది సిట్రులిన్ రోజే. ఆ పరిశోధనలోనూ ఏడుగురిలో ఒకరికి కడుపు ఇబ్బంది వచ్చింది.

అడిగినవాళ్లకి

ఈ మధ్యలో వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. డబ్బా మీద రక్తప్రసరణ మాట చూసి, "నాకూ మంచిదేనా అమ్మా, నేను బీపీ టాబ్లెట్లు వాడతాను" అని. వద్దని గట్టిగా చెప్పాను. రక్తనాళాలను వదులు చేసే పదార్థం బీపీ మందులకి తోడైతే ఒత్తిడి మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు, సిల్డెనాఫిల్ (వయాగ్రా) వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీన్ని తాకనే కూడదు. ఇంట్లో ఒకరి డబ్బా ఇంకొకరు వాడడం మన దగ్గర మరీ మామూలు, ఆ భయంతోనే ఇది రాస్తున్నాను.

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వెయిట్‌లిఫ్టింగ్ పిల్లలు కూడా దీని గురించి అడుగుతుంటారు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. రెండూ ఒక్కో ఎత్తే. అది మొదటి సెట్‌లో మొదటి రెప్ ఆట. అక్కడ సిట్రులిన్ ఏమిస్తుందో పైన మొదటి సెట్ అంకెలే చెబుతున్నాయి. సిట్రులిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో లేదు, కానీ కలగూరగంప ప్రీవర్కౌట్లలో నిషేధిత ఉత్ప్రేరకాలు దొరికిన సందర్భాలున్నాయి. శాంపిల్‌లో అది దొరికితే "నాకు తెలీదు" అన్నా శిక్ష పిల్లదే. పోటీలకి వెళ్లే పిల్లలకి నేను ఆ డబ్బాలు వద్దనే చెబుతాను.

మూడు కిలోల పుచ్చకాయ తింటే చాలదా అని ఇతనే అడిగాడు. కిలో గుజ్జులో సుమారు ఒకటి నుంచి మూడు గ్రాముల దాకా సిట్రులిన్ ఉంటుంది. 8 గ్రాముల మాలేట్‌లోని సిట్రులిన్ ఆరు గ్రాముల లోపే, కాబట్టి లెక్క కుదురుతుంది. కానీ అంత నీళ్లు కడుపులో పెట్టుకుని బెంచ్ మీద వెల్లకిలా పడుకోలేం. వేసవిలో రోజూ రెండు ముక్కలు హాయిగా తినమన్నాను, రెప్స్ కోసం కాదు.

ఇప్పుడు

కవర్ విప్పిన రోజు అంకెలు చూసి అతను కొంచెం నిరుత్సాహపడ్డాడు. పది వారాల తిండి, నిద్ర ఎనిమిది రెప్స్ ఇచ్చాయి, పౌడర్ రెండు ఇచ్చింది. తర్వాత అతనే ఆలోచించి, బీసీఏఏ, ప్రీవర్కౌట్ పూర్తిగా మానేసి, విడిగా అమ్మే సిట్రులిన్ మాలేట్ ఒక డబ్బా ఉంచుకున్నాడు. సెట్లు ఎక్కువుండే రోజు, వారానికి ఒక్కసారి వాడతాడు. నేను వద్దనలేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ చూశాను. గరిష్ఠ బరువు 90 కిలోలు. ప్రొటీన్ 108 గ్రాములు, నిద్ర ఏడు గంటలు. కాళ్ల వ్యాయామంలో ఇదే పరీక్ష చేద్దామని అడుగుతున్నాడు. స్క్వాట్‌లో ఊపిరి అందకపోవడమే ముందు ఆపుతుంది కాబట్టి అక్కడ ఫలితం వేరుగా ఉండొచ్చని నా అనుమానం. ప్యాకెట్లు కట్టడం మా అసిస్టెంట్ మొదలుపెట్టింది. ఈసారి పరీక్షల తేదీలు వాళ్ల అమ్మగారిని అడిగి పెట్టాం.